మెంబరు ఒక్కరే లోపలికి

స్వరూపను పోయిన వారం నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో, షేర్ ఆటో దిగినచోట, ఒక ఇనుప గేటు ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిసంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. అందులో ఉన్నది నిజం కాదని ఆమెకు తెలుసు, రాసింది ఆమే కాబట్టి.

సంగతి ఇది. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఐదో అంతస్తులో స్వరూపకు ఫోన్ల పని. ఆమె కంపెనీ ఒక పార్టీ కోసం పేర్లు వెతుకుతోంది. లోక్‌సభలో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకని చట్టం వచ్చింది గదా. అమలు ఎప్పుడైనా కానీ, తగినవాళ్ళను ఇప్పుడే చూసి పెట్టుకోవాలని ఆ పార్టీ తొందర. సర్పంచులుగా, కార్పొరేటర్లుగా ఇంతకు ముందు గెలిచిన ఆడవాళ్ళ జాబితా ఇచ్చి, ఒక్కొక్కరికి ఫోన్ చేసి పది ప్రశ్నలు అడగమన్నారు. చిక్కల్లా ఒకటే. జాబితాలో పేర్లు ఆడవాళ్ళవి, నంబర్లు మగవాళ్ళవి. ఫోన్ ఎత్తినవాడు "చెప్పండి, నేనే" అంటాడు. మేడమ్‌కు ఇవ్వమంటే "ఆమెకేం తెలుసు, నన్నడగండి" అంటాడు. రోజుకు నలభై ఫారాలు నిండాలి. ఫోన్ల గదిలో అందరూ చేస్తున్న పనే స్వరూపా చేసింది. భర్త చెప్పిన జవాబులు రాసుకుని, 'స్వయంగా మాట్లాడారు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

అలా నిండిన ఫారాల్లో కిష్టమ్మ పేరు అందరికంటే పైకి వచ్చి కూర్చుంది. పదికి పది మార్కులు. రేపు పార్టీ తరఫున పేర్లు ఖాయం చేసే మేడమ్ ఆమెను ఆఫీసుకు పిలిపించి ఎదురుగా మాట్లాడుతుంది. కిష్టమ్మ నోరు తెరిస్తే స్వరూప ఉద్యోగం పోతుంది. దాంతో పాటు, అదే భవనం కింది అంతస్తులో, ఉద్యోగుల పిల్లలకు మాత్రమే ఉన్న క్రెష్‌లో ఆమె రెండేళ్ళ కూతురు బుజ్జికి ఉన్న చోటూ పోతుంది. అందుకే ఆ జవాబులను కిష్టమ్మ చేత బట్టీ పట్టించాలని వచ్చింది స్వరూప.

గేటు తోసి లోపలికి అడుగు పెట్టింది. మూడంతస్తుల ఇల్లు. పై రెండు అంతస్తుల్లో కిరాయి రూములు. వరండా తీగల నిండా ఆఫీసు పిల్లల బట్టలు. ఇంటి వెనక ఆఫీసు టవరు నీడ వాకిట్లో సగం దాకా వచ్చి ఆగింది. ఆ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, యాభై అయిదేళ్ళ ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"రూము కోసమా బిడ్డా? ఆడపిల్లలకు రెండో అంతస్తుల ఒక్కటే ఉన్నది. వంట చేసుకోవద్దు."

"రూముకు కాదు పెద్దమ్మా. కిష్టమ్మ గారు మీరేనా?"

"నేనే. ఆయన లేడు. అయిదింటికి వస్తడు, అప్పుడు రా."

"ఆయనతోని పని లేదు. మీతోనే."

కిష్టమ్మ చేతిలోని కాయ పళ్ళెంలో పడింది. తల ఎత్తి స్వరూపను పైనుంచి కింది దాకా చూసింది. ఆ గేటు దాటి వచ్చినవాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరని ఆ చూపే చెప్పింది. కాలితో పక్కనున్న స్టూలు జరిపి, "కూసో" అన్నది.

ఎక్కడ మొదలుపెట్టాలో స్వరూపకు తెలియలేదు. ఇంటర్ రెండో ఏడులో చదువు ఆపించి పెళ్ళి చేసిన నాటి నుంచీ, పెద్దవాళ్ళ ముందు కాగితం పట్టుకుని మాట్లాడాలంటే ఆమెకు జంకు. అయినా చెప్పింది. ఇరవై రోజుల కింద ఫోన్ చేసిన సంగతి, ఆమె భర్త లింగమూర్తి ఎత్తిన సంగతి, రేపటి పిలుపు సంగతి. టిక్కు పెట్టిన ముచ్చట ఒక్కటి మింగేసింది.

"పార్లమెంటుకా?" అన్నది కిష్టమ్మ. "నన్నా?"

"అవును. మీరే అందరికంటే పైన ఉన్నరు."

"గా ముచ్చట ఆయన నాకు చెప్పనే లేదు. మొన్న మేకకూర వండించిండు. ఎందుకంటే ఊకెనే అన్నడు." ఇంకో కాయ తీసుకుని, "ఏం చెప్పిన నేను?" అని అడిగింది.

స్వరూప కాగితం విప్పింది. "పార్లమెంటుకు ఎందుకు పోవాలనుకుంటున్నరు అని అడిగిన. మా నాయకత్వం ఏది చెబితే అది చేయడానికి అన్నరు."

"అట్లన్ననా. ఇంకేమన్న?"

"జనంల మీకున్న బలం ఏందంటే, మా ఆయన ఇరవై ఏండ్ల సేవ అన్నరు."

"మంచిగనే చెప్పిన. ఇంకా?"

"మీ భర్త దీనికి ఒప్పుకున్నరా అంటే..." స్వరూపకు చదవాలనిపించలేదు. "పూర్తిగ ఒప్పుకున్నరు అన్నరు."

కిష్టమ్మ పళ్ళెం కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేని నవ్వు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కళ్ళు కొంగుతో తుడుచుకుని, "పాపం, మొగుడు ఒప్పుకున్నడా అని అడిగితే ఆయన గూడ ఏం చెప్తడు" అన్నది.

స్వరూపకూ నవ్వు వచ్చింది గానీ వచ్చిన పని గుర్తొచ్చి ఆగిపోయింది. "పెద్దమ్మా, రేపు మేడమ్ గివే అడుగుతది. మీరు గివే జవాబులు చెప్పాలె. పదే ఉన్నయి. నేను చదువుత, మీరు నా ఎంబడి అనున్రి."

"ఎందుకనాలె?"

స్వరూప కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "ఫారంల మీరే మాట్లాడిన్రని నేను రాసిన" అన్నది తల వంచుకుని. "నా నౌకరీ పోతది. మా బుజ్జికి రెండేండ్లు. నా ఆఫీసుల్నే పిల్లల్ని చూసుకునే కాడ ఉంటది. అంతకుముందు నిజాంపేటల పక్కింటామె కాడ ఇడిసేదాన్ని. పొద్దున నేను తొడిగిన డైపరే నేను వచ్చేదాక ఉండేది. పిల్ల నడుమంతా పుండు పడ్డది."

కిష్టమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది.

"చూడు బిడ్డా. అయిదేండ్లు నేను కార్పొరేటర్‌ను. ఆడోళ్ళ సీటు వచ్చిందని నన్ను నిలవెట్టిన్రు. గెల్సిన. ఆఫీసుల నా కుర్చీల ఆయన కూసునేది. జనం కార్పొరేటర్ సాబ్ అని ఆయన్నే పిల్సేది. నాకు గది తప్పనిపిచ్చలే. ఆయనే తిరుగుతుండు, ఆయనకే తెల్సు అనుకున్న. మీటింగులకు మాత్రం నన్నే పోనిచ్చేది, లోపల మేం ఆడ కార్పొరేటర్లం కూసునేది, తలుపు కాడ మా మొగోళ్ళు నిలవడేది. చెయ్యి ఎత్తాల్నో వద్దో ఆడి నుంచి సైగ చేసేది."

"అందరూనా?"

"అందరు. ఆ తలుపు కాడ చూస్తే ట్రాఫిక్ పోలీసులు నిలవడ్డట్టుండేది."

ఈనె తీసిన కాయను మధ్యకు విరిచింది.

"ఒకనాడు మా గల్లీల అంగన్‌వాడీ ఉన్న జాగ పార్కింగుకు ఇయ్యాలని కాయితం వచ్చింది. ఆడికి కూలీల పిల్లలు, ఊడ్సెటోళ్ళ పిల్లలు వస్తుండె. ఆయన ఒప్పుకో అని సైగ చేసిండు. నేను ఒప్పుకోను అని చెయ్యి లేపిన. ముందు కూసున్న పెద్దమనిషి నన్ను జూసి ఏమన్నడో తెల్సా? 'అమ్మా, జర సార్‌ను అడిగి చెప్పు' అన్నడు. నవ్వలే. గౌరవంగనే అన్నడు. అందరు ఒప్పుకున్నట్టు రాస్కున్నరు. అంగన్‌వాడీ రెండు కిలోమీటర్లు అవతలకి పోయింది. కొంతమంది పిల్లలు పోవుడే బంద్ చేసిన్రు."

ఈ మాటలు చెప్పేటప్పుడు ఆమె గొంతు పెరగలేదు. కూర ఎట్లా వండాలో చెప్పినట్టే చెప్పింది. అందుకే స్వరూపకు బట్టీ పట్టించే కాగితాన్ని పైకి ఎత్తాలంటే చెయ్యి రాలేదు.

"గాడ ఆడోళ్ళు ఎంతమంది ఉంటరు? ఢిల్లీల?" అని అడిగింది కిష్టమ్మ.

ఆ లెక్క పని నేర్పేటప్పుడే చెప్పారు స్వరూపకు. "పోయిన ఎలక్షన్ల అయిదు వందల నలభై మూడు మందిల డెబ్బై నలుగురు గెల్సిన్రు."

"మరి వాళ్ళ మొగుళ్ళు యాడ నిలవడ్తరు?"

"ఆఁ?"

"మీటింగు నడుస్తుంటే. తలుపు కాడనా?"

స్వరూప ఎన్నడూ ఆలోచించని ప్రశ్న అది. ఫోన్ తీసి వెతికింది. రెండు మూడు చోట్ల చదివి, అర్థమైందని నమ్మకం కుదిరాకే చెప్పింది. "సభ నడిచేటప్పుడు మెంబర్లు, ఆ సభల పనిచేసెటోళ్ళు తప్ప ఇంకెవలు లోపలికి పోవద్దంట. ఇంట్లోళ్ళు చూడాల్నంటే పాసు తీస్కొని పైన గ్యాలరీల కూసోవాలె. మాట్లాడొద్దు."

"సైగ చెయ్యొచ్చునా?"

"చేస్తే బయటికి పంపిస్తరు."

"మెంబరు మొగుడైనా?"

"ఎవలైనా."

కిష్టమ్మ మిగిలిన కాయల ఈనెలు తీసింది. పళ్ళెంలో కాయలన్నీ అయిపోయాయి. ఈనెలన్నీ ఒక్క చోటికి చేర్చి, పళ్ళెం స్టూలు కింద పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది.

"అయితే పోత. గా కాయితం మడత పెట్టుకో. కొత్తది తియ్యి. ఇప్పుడు అడుగు నన్ను."

కొత్త జవాబులు రాస్తే పాతవి ఎవరివో చెప్పాలి. చెప్తే పని పోతుంది. స్వరూప వద్దనడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకు కూర్చున్న పిల్లలా వెన్ను నిలబెట్టి చూస్తోంది. స్వరూప సంచిలోంచి ఖాళీ ఫారం తీసింది.

"పార్లమెంటుకు ఎందుకు పోవాలనుకుంటున్నరు?"

"నేను చెయ్యి ఎత్తితే, ఎత్తిందని రాసే కాడ కూసుంట. అందుకు."

రాసుకుంది. "పోతే మొదలు ఏం అడుగుతరు?"

"తల్లి పనిచేసే కాడనే పిల్లను చూసుకునే జాగ ఉండాలె. మీ అసొంటి ఆఫీసులల్ల కార్డులున్నోళ్ళకే గాదు. గా అద్దాలు తుడిచెటామెకు గూడ."

స్వరూప పెన్ను ఒక్క క్షణం ఆగింది. వాళ్ళ అంతస్తు ఊడ్చే జయమ్మ కూతురు మెట్ల కింద అట్టపెట్టె మీద పడుకుని ఉండడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. దాటుకుని పోతూనే ఉంది.

"మీల తక్కువేందో చెప్పున్రి అంటే?"

"ఇంగ్లీషు రాదు. హిందీ మన దిక్కుదే. కోపమొస్తే మాట ఆపలేను. ముప్పై ఏండ్లు ఆపిన, గది వేరే సంగతి."

"మీ భర్త ఒప్పుకున్నరా?"

"ఇంక అడగలే. వస్తుండు, అడుగుదాం."

గేటు బయట స్కూటరు ఆగింది. లింగమూర్తి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, అందరినీ ముందే ఎరిగినట్టు నవ్వే ముఖం. స్వరూప లేచి నమస్కారం పెట్టి ఒక్క మాట అన్నదో లేదో, "నువ్వు ఫోన్ల పిల్లవు గద. గొంతు గుర్తువట్టిన" అన్నాడు. "కూసో అమ్మా, కూసో. మా ఆమె పాసయ్యింది గద? ఏమే, చాయ్ పొయ్యలేదా?"

"పరీక్ష నడుస్తున్నది" అన్నది కిష్టమ్మ. "నువ్వు జర బయట కూసో."

ఆయన నవ్వు అలాగే ఉంది గానీ చూపు ఫారం మీదికి పోయింది. తీసుకుని చదివాడు. రెండోసారీ చదివాడు.

"ఏంది ఇది? నేను అన్ని చెప్పిన గద. పదికి పది వచ్చినయని మొన్న మీ సారే ఫోన్ చేసి చెప్పిండు గద. మళ్ళ గిదెందుకు?"

"అవి నీ మార్కులు. ఇవి నావి."

"కిష్టమ్మా, పిచ్చి ముచ్చట్లు వెట్టకు. అయిదేండ్లు వార్డు ఎవలు నడిపిచ్చిన్రు? గల్లీకి నీళ్ళొచ్చినయంటే ఎవలు తిరిగిన్రు ఆఫీసుల సుట్టు, చెప్పులరగ?"

"నువ్వే తిరిగినవ్. కాదన్ననా? ఓట్లు మాత్రం నాకేసిన్రు."

"నీ మొఖం చూసి ఏసిన్రా?"

"నీ మొఖం చూసి ఎయ్యనీకె ఓటు కాయితం మీద నీ పేరు లేకుండె."

పై వరండాలో బట్టలు తీస్తున్న ఒక అమ్మాయి వినపడనట్టు లోపలికి పోయింది. లింగమూర్తి మెడ ఎర్రబడింది. మనిషి చెడ్డవాడు కాదు. భార్య మీద ఎన్నడూ చెయ్యి ఎత్తినవాడు కాదు. కాకపోతే ఆ అయిదేళ్ళూ తానే గెలిచానని నిజంగానే నమ్మాడు. ఇప్పుడు ఢిల్లీ దాకా అలాగే పోవచ్చనుకున్నాడు. స్వరూప వైపు తిరిగాడు.

"నీకు ఎవలు చెప్పిన్రు మా ఇంటికి రమ్మని? మీ పెద్దసారు నంబరు నా కాడుంది. ఆయన్నే అడుగుత."

స్వరూప వద్దనేలోగానే నంబరు కలిపాడు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. అవతల అవినాష్. ఫోన్ల గదికి పెద్ద. విజయవాడ మనిషి, ఎంత కోపంలోనూ అండి వదలడు.

లింగమూర్తి చెప్పిందంతా విని, "స్వరూప గారు అక్కడే ఉన్నారాండీ?" అన్నాడు.

"ఉన్న సార్."

"మిమ్మల్ని ఒక్కటే అడుగుతానండి. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది ఎవరు? ఫారంలో ఆవిడే అని ఉంది."

కిష్టమ్మ స్వరూపను చూడడం లేదు. చూడకపోవడమే కష్టంగా ఉంది. చూసి, అడిగి ఉంటే, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదేమో. క్రెష్‌లో బుజ్జి ఈ వేళకు నిద్ర లేచి, బిస్కెట్టు సగం తిని, మిగతా సగం అమ్మకని గుప్పిట్లో పెట్టుకుని ఉంటుంది. ఆ చోటు కోసం స్వరూప తొమ్మిది నెలలు ఆగింది.

"ఆయన మాట్లాడిండు సార్" అన్నది. "నేను అబద్ధం రాసిన. ఆమెను ఇవాళనే మొదటిసారి అడిగిన. జవాబులు వేరే ఉన్నయి."

అవినాష్ గొంతు తగ్గించి, "మేడమ్ గారు నా పక్కనే ఉన్నారండి. విన్నారు" అన్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడగొంతు, నిదానంగా. "కిష్టమ్మ గారికి ఇవ్వండి ఫోను."

లింగమూర్తి ఫోన్ ఇవ్వలేదు, వెనక్కి లాక్కోనూ లేదు. అలా పట్టుకునే నిలబడ్డాడు. కిష్టమ్మ లేచి ఆయన చేతి దగ్గరికి వంగి, "చెప్పమ్మా, కిష్టమ్మనే" అన్నది.

"రేపు పది గంటలకు రాగలరా? ఒక్కరే?"

"వస్త."

"కొన్ని కాగితాల మీద మీ సంతకాలు కావాలి."

"నాలుగో తరగతి దాంక చదివిన. పెడ్త."

"మంచిది." అంతే. మళ్ళీ అవినాష్ వచ్చాడు. "స్వరూప గారూ, మీరు తొమ్మిదిన్నరకే రండి. మీ ఐడీ కార్డు ఆఫీసులో ఇచ్చెయ్యాలండి. ఏమీ అనుకోకండి." ఆ చివరి మాట నిజంగా నొచ్చుకునే అన్నాడు. ఫోన్ ఆగింది.

స్వరూప స్టూలు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. రేపు బుజ్జిని ఎక్కడ వదలాలన్న లెక్క అప్పుడే తలలో మొదలైంది. పక్కింటామె, లేదంటే భర్త శ్రీను క్యాబ్ డ్యూటీ మానుకోవాలి, మానుకుంటే ఎన్ని రోజులు. ఆ లెక్కలో ఉండగా భుజం మీద చెయ్యి పడింది.

"పిల్లను ఈడికి తీస్కరా" అన్నది కిష్టమ్మ. "ఇంత పెద్ద ఇల్లు, పిల్ల కూసోనీకె జాగ లేదా. రేపు మాత్రం పిల్లను ఎంబడి తీస్కొని ఇద్దరం తొమ్మిదిన్నరకే పోదాం. నీ తప్పుకు జవాబు నువ్వు చెప్పు. ఆ తప్పు ఎట్లయిందో నేను చెప్త."

లింగమూర్తి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. కోపం పోయింది. దాని చోట మరేదో వచ్చింది. గొంతు తగ్గించాడు.

"కిష్టా, నువ్వు పోకు."

"ఎందుకు?"

"పోవద్దని కాదు. సంతకం పెట్టకు."

"నాకు రాదా సంతకం?"

"వస్తది. గదే పరేషాన్." జేబులో పెన్ను మీద చెయ్యి వేసుకున్నాడు. "అయిదేండ్లు ఆఫీసు కాయితాలన్నిటి మీద కిష్టమ్మ అని పెట్టింది నేను. నిన్ను దినాం పిలుసుడెందుకని నేనే పెట్టిన. వందల కాయితాలున్నయి. వాళ్ళు పాతవి తీసి పక్కపక్కన పెడ్తరు. సర్కారు కాడ కిష్టమ్మ సంతకమంటే నాదే. నువ్వు పెట్టింది దొంగ సంతకమంటరు."

కిష్టమ్మ స్వరూప చేతిలోంచి ఫారం తీసుకుంది. పెన్నూ తీసుకుంది. కుర్చీ చేతి మీద కాగితం ఆనించి, తొందర లేకుండా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, కింద ఒత్తులు సరిగ్గా పడేలా తన పేరు రాసింది. రాసి మొగుడి ముందు పట్టుకుంది.

"రేపు దొంగ ఎవలని అడుగుతరు" అన్నది. "నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?"

లింగమూర్తి ఆ సంతకాన్ని చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన దాన్ని చూడడం అదే మొదటిసారి.